ఎన్ని గేమ్‌లు ఇస్తవన్నా?

(ఆదివారం ముచ్చట – 23)



పోయిన వారం ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో ఫొటో పంపాడు. పూల్ టేబుల్ మీదికి వంగి, చేతిలో క్యూ పట్టుకుని, తెల్ల బంతి వైపు గుడ్లప్పగించి చూస్తున్న మనిషి. కింద ఒకటే ప్రశ్న: "సార్, ఇది మీరేనా?"

నేనే. దాచేదేం లేదు. పొద్దున క్లాసులో ప్రబంధాలు చెప్పే మనిషి సాయంత్రం పార్లర్‌లో నైన్ బాల్ కొడుతున్నాడని ఆ తమ్ముడికి ఆశ్చర్యం. వెంటనే ఇంకోటి అడిగాడు: "డబ్బులు పెట్టి ఆడతారా సార్?" దానికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. అందుకే ఈ పోస్టు. పొడుగైంది. టీ పెట్టుకుని చదవండి.

నా మొదటి పందెం గోటీలు. మా ఊళ్లో మాదిగ వాడ పిల్లలం గోటీలాటలో గట్టివాళ్లం. వేలు వంచి కొడితే ఐదారు అడుగుల దూరంలో ఉన్న గోటీ ఎగిరిపోయేది. ఊళ్లో దొడ్లున్న ఇళ్ల పిల్లలు కూడా మాతో ఆడేవాళ్లు. ఓడిపోతే గోటీలు ఇచ్చేవాళ్లు. కానీ చేతికి ఇచ్చేవాళ్లు కాదు. నేల మీదికి విసిరేసేవాళ్లు, మేం ఏరుకునేవాళ్లం. అది అవమానమని అప్పుడు తెలియదు. ఏరుకున్న గోటీలు జేబులో గలగలమంటే అదే సంబరం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

2013. హైదరాబాద్. పీహెచ్‌డీ రెండో ఏడాది. ఫెలోషిప్ నెలనెలా రావాలి గానీ నాలుగైదు నెలలకోసారి పడేది. పడిన రోజు రాజులం, మిగతా రోజుల్లో మెస్ బకాయిదారులం. అలా డబ్బులు పడిన ఒక రోజు హాస్టల్ దోస్తు నన్ను పార్లర్‌కి తీసుకుపోయాడు. కింద జిరాక్స్ షాపు, పైన రెండో అంతస్తులో నాలుగు స్నూకర్ టేబుళ్లు, రెండు పూల్ టేబుళ్లు. గంటకి 100 రూపాయలు. గోడ మీద రాయని రూలు ఒకటి ఉంది: ఓడినవాడే టేబుల్ కట్టాలి.

ఈ రూలు గురించి ఒక నిమిషం ఆలోచించండి. చూడ్డానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ ఇది పనిచేసే తీరు వేరు. ఆట వచ్చినవాడు గెలుస్తాడు, కాబట్టి వాడికి టేబుల్ ఫ్రీ. రోజూ మూడు గంటలు ఫ్రీగా ఆడతాడు, ఇంకా మెరుగవుతాడు. ఆట రానివాడు ఓడిపోతాడు, టేబుల్ కడతాడు. డబ్బులు అయిపోగానే ఆట మానేస్తాడు. అంటే రానివాడి జేబులోంచి వచ్చినవాడి ప్రాక్టీసుకి ఫీజు పోతోందన్నమాట. మొదటి నెల నేను అలా 1,800 రూపాయలు కట్టాను. ఆ తర్వాత ఆడటం మానేసి, గోడవార స్టూలు మీద కూర్చుని చూడటం మొదలుపెట్టాను.

అక్కడ నన్ను గమనించింది మార్కర్ అన్న.

మార్కర్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. స్కోరు చెప్పే మనిషి. బంతులు తుడిచి, పేర్చి, టేబుల్ మీది పచ్చ గుడ్డని బ్రష్ చేసి, ఇస్త్రీ చేసి, ఎవరి టైమ్ ఎంతయిందో రాసుకునేవాడు. అన్నకి అప్పటికే యాభై దాటాయి. పన్నెండేళ్ల వయసులో ఒక పెద్ద క్లబ్బులో బంతులు అందించే పనికి కుదిరాడు. సభ్యులు ఆడుతుంటే క్యూ ముట్టుకోవద్దు. రాత్రి పదకొండుకి అందరూ పోయాక, లైట్లు తీసేసే ముందు పది నిమిషాలు దొరికేది. "పది నిమిషాలు అంటే ఎన్ని దెబ్బలు తమ్మీ? ముప్పై. అందుకే ఒక్క దెబ్బ కూడ ఉత్తగ కొట్టలే" అనేవాడు. ఆయనది మా కులమేనని చాలా నెలల తర్వాత తెలిసింది. ఆయనకి నా సంగతి మొదటి రోజే తెలుసట. ఎలా అని అడిగితే, "ఓడినంక పైసలు ఇచ్చేటప్పుడు నువ్వు సారీ చెప్పినవ్. మనోళ్లే గట్ల చెప్తరు" అన్నాడు.

ఆయన్ని చూసినప్పుడల్లా నాకు పల్వంకర్ బాలూ గుర్తొస్తాడు. 1876లో పుట్టిన చమార్ కులస్తుడు, ఈ దేశపు మొదటి గొప్ప స్పిన్ బౌలర్లలో ఒకడు. పూనాలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ చూసుకునే పనిలో చేరి, వాళ్లకి నెట్స్‌లో గంటల తరబడి బంతులు వేశాడు. తనని ఔట్ చేసిన ప్రతిసారీ ఒక దొర ఎనిమిది అణాలు ఇచ్చేవాడని చెబుతారు. బ్యాట్ మాత్రం చేతికి ఇవ్వలేదంటారు. స్నూకర్ కూడా మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో పుట్టిందని చరిత్రలో రాస్తారు. నెవిల్ చాంబర్లేన్ పేరు రాస్తారు. ఆ టేబుల్ తుడిచినవాడి పేరు ఎవరూ రాయలేదు.

అన్న నాకు ఆట నేర్పిన పద్ధతి నేను చూసిన ఏ టీచరూ పాటించలేదు. మొదటి మూడు నెలలు బంతి పాకెట్‌లో పడిందా లేదా అన్నది ఆయనకి పట్టలేదు. తెల్ల బంతి ఎక్కడ ఆగిందన్నదే చూసేవాడు. "రంగు బంతి అందరికీ పడ్తది. తెల్లదాన్ని ఆపుడు నేర్సుకో." ఎదురుగా ఒక బంతి, రెండు జానల దూరంలో తెల్ల బంతి. మధ్యకి కొంచెం కిందుగా కొట్టాలి. ఆ బంతి పోవాలి, తెల్లది దాని స్థానంలో చచ్చినట్టు ఆగిపోవాలి. దీన్నే స్టాప్ షాట్ అంటారు. మధ్యాహ్నం టేబుళ్లు ఖాళీగా ఉండే టైములో ఓనర్ని ఒప్పించి నాకు సగం రేటు ఇప్పించాడు. బదులుగా నేను బంతులు తుడిచేవాణ్ని.

క్యూని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోమన్నాడు. గట్టిగా పిసికితే చస్తుంది, వదిలేస్తే ఎగిరిపోతుంది. బంతి పాకెట్‌లో పడిన చప్పుడు వినేదాకా తల లేపొద్దన్నాడు. ప్రతి దెబ్బకి ముందు చాక్ రాయమన్నాడు, క్యూ కొన కోసం మాత్రమే కాదు, ఆ రెండు సెకన్లు ఆలోచన కోసం. నిలబడి ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. వంగాక అనుమానం వస్తే, అలాగే కొట్టకుండా మళ్లీ లేచి నిలబడాలి. నేను మిస్ చేసిన బంతుల్లో సగం ఈ ఒక్క అలవాటుతో తగ్గాయి.

రీసెర్చ్ స్కాలర్ని కదా, నోట్‌బుక్ పెట్టాను. ప్రతి మిస్సూ రాసుకున్నాను. సన్నని కట్, కుషన్‌కి ఆనుకున్న బంతి, దూరపు స్ట్రెయిట్, ఇలా. రెండు నెలలు రాశాక అర్థమైంది: తప్పు మిస్సయిన దెబ్బలో లేదు, దానికి ముందు దెబ్బలో ఉంది. ముందు దెబ్బలో తెల్ల బంతిని చెడ్డచోట వదిలాను కాబట్టి ఈ దెబ్బ కష్టమైంది. నైన్ బాల్‌లో ఒకటి నుంచి తొమ్మిది దాకా వరస ప్రకారమే కొట్టాలి. అందుకని చూడటం తొమ్మిది నుంచి వెనక్కి చూడాలి. తొమ్మిదికి ఎనిమిది దగ్గర ఎక్కడ ఆగాలి, ఎనిమిదికి ఏడు దగ్గర ఎక్కడ ఆగాలి. పద్యానికి అన్వయం చెప్పడం ఇలాగే కదా. క్రియ ఎక్కడో చివర దాక్కుని ఉంటుంది. దాన్ని ముందు పట్టుకుని వెనక్కి రావాలి. ఇది తెలిశాక పూల్ నాకు పరాయి ఆట అనిపించలేదు.

ఏడాదిన్నర తర్వాత అన్న ఒక రోజు, "ఇగ నువ్వు మ్యాచ్ ఆడొచ్చు" అన్నాడు. మ్యాచ్ అంటే పందెం మ్యాచ్. ఆడించే ముందు కూర్చోబెట్టి మర్యాదలు చెప్పాడు. బయటివాళ్లు అనుకుంటారు, పందేలాడే చోట మర్యాద ఏముంటుందని. డబ్బు ఉన్నచోటే మర్యాద ఎక్కువ కావాలి, లేకపోతే కొట్టుకుంటారు. ఆయన చెప్పినవి నాకు గుర్తున్న వరసలో:

అన్నీ ముందే మాట్లాడుకోవాలి. ఏ ఆట, ఎన్ని గేమ్‌ల రేసు, ఎంత డబ్బు, బ్రేక్ ఎవరిది, మూడు ఫౌళ్లు వరసగా చేస్తే ఏమిటి. ఆట మొదలయ్యాక కొత్త రూలు పుట్టకూడదు.

ఇద్దరి డబ్బులూ ముందే మూడో మనిషి చేతిలో పెట్టాలి. మా పార్లర్‌లో ఆ మూడో మనిషి అన్నే.

నీది కాని డబ్బుతో ఆడొద్దు. ఫీజు డబ్బు, అద్దె డబ్బు, ఇంటికి పంపాల్సిన డబ్బు నీది కాదు.

అవతలివాడు ఆడుతుంటే నీ కుర్చీలో నువ్వుండాలి. వాడి చూపుకి ఎదురుగా నిలబడొద్దు, ఫోన్ మాట్లాడొద్దు, క్యూ నేలకి కొట్టొద్దు. చూసేవాళ్లు సలహా చెప్పొద్దు.

నీ ఫౌల్ నువ్వే చెప్పాలి. చొక్కా చెయ్యి బంతికి తగిలితే, ఎవరూ చూడకపోయినా సరే.

గెలుస్తున్నవాడు మధ్యలో పనుందని లేచిపోకూడదు. పోవాలనుకుంటే ముందే చెప్పి ఆడాలి.

ఓడినవాడు అడిగించుకోకుండా కట్టాలి. గెలిచినవాడు అందరి ముందూ నోట్లు లెక్కపెట్టకూడదు. టీ చెప్పాలి.

చివరిది: డబ్బు చేతికి ఇవ్వాలి. టేబుల్ మీద పడేయకూడదు. ఇది విన్నప్పుడు మా ఊరి గోటీలు గుర్తొచ్చి కాసేపు మాట్లాడలేకపోయాను.

ఇవి కాక అసలైనది ఒకటుంది. స్టార్ట్. ఇద్దరి ఆటలో తేడా ఉన్నప్పుడు పెద్ద ఆటగాడు చిన్న ఆటగాడికి ముందే కొన్ని పాయింట్లో, గేమ్‌లో ఇస్తాడు. ఏడు గేమ్‌ల రేసులో రెండు స్టార్ట్ అంటే నాకు రెండు ముందే ఉన్నట్టు లెక్క. నేను ఐదు గెలిస్తే చాలు, అతను ఏడు గెలవాలి. దీన్ని ఎవరూ దానం అనరు. కూరగాయల బేరంలా నవ్వుతూ మాట్లాడుకుంటారు. "ఎన్ని గేమ్‌లు ఇస్తవన్నా?" "రెండు." "మూడియ్యి." స్టార్ట్ లేకుండా ఆడితే అది పందెం కాదు, ఒకడి జేబు ఇంకొకడు ఖాళీ చేయడం. ఈ సంగతి అక్కడ చదువుకోని కుర్రాడికి కూడా తెలుసు.

ఇప్పుడు నా ఓటమి చెబుతాను.

పార్లర్‌కి ఒక అబ్బాయి వచ్చేవాడు. ఇంజనీరింగ్ చదివి తండ్రి వ్యాపారం చూసుకుంటున్నాడు. లెదర్ కేసులో సొంత క్యూ. చిన్నప్పటి నుంచి క్లబ్బులో కోచ్ దగ్గర నేర్చుకున్నాడు. మంచి ఆట, మంచి మర్యాద. తన ఫౌల్ తనే చెప్పేవాడు. అంతకు ముందు వారమే మొబైల్ షాపు అతనికి మూడు గేమ్‌ల స్టార్ట్ ఇచ్చి ఆడాడు. నేను రెండు అడిగాను. ఏడు గేమ్‌ల రేసు, మనిషికి రెండు వేలు.

ఆ రోజు నా బ్యాగులో అంబేడ్కర్ జయంతి సభ కరపత్రాలున్నాయి. కుర్చీ మీద పెట్టిన బ్యాగులోంచి నాలుగు జారి కింద పడ్డాయి. అతను వంగి, మర్యాదగా ఏరి, నా చేతికి ఇచ్చి, నవ్వుతూ అన్నాడు: "ఓ, ఇక్కడ కూడా రిజర్వేషన్ కావాలా బ్రో?"

నలుగురైదుగురు నవ్వారు. అందులో చెడ్డవాళ్లెవరూ లేరు. జోక్ కదా అని నవ్వారు.

నేనేం చేశానో తెలుసా? "అవసరం లేదు. సమానంగానే ఆడదాం. రెండు కాదు, నాలుగు వేలు పెడదాం" అన్నాను. అన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను చూడనట్టు నటించాను. ఆ నాలుగు వేలు రెండు నెలల మెస్ బిల్లు. 7–3తో ఓడిపోయాను. నిజం చెప్పాలంటే రెండు స్టార్ట్ తీసుకున్నా ఓడిపోయేవాణ్నే. అన్న చేతిలోని నా డబ్బు తీసుకుని అతని చేతిలో పెట్టి, కరచాలనం చేయకుండా మెట్లు దిగిపోయాను. ఆ రెండు నెలలూ దోస్తుల గెస్టు కూపన్ల మీద తిన్నాను.

మర్నాడు అన్న పిలిచి కూర్చోబెట్టాడు.

"నిన్న రెండు తప్పులు చేసినవ్ తమ్మీ. కోపంల పందెం పెంచినవ్. ఆడిన మనిషికి చెయ్యియ్యకుంట పోయినవ్."

"మరి ఆయన అన్న మాట?"

"గది ఆయన తప్పు. ఆయన లెక్క ఆయనకు రాత్రే చెప్పిన. నీ లెక్క నీకు చెప్తున్న." కాసేపు ఆగి మళ్లీ అన్నాడు: "నాలుగు వేలు పోతే పోయినయ్. ఆయన నవ్వంగనే నువ్వు నీ స్టార్ట్ ఇడిసిపెట్టినవ్. రేపటి సంది నిన్ను గెలవాలంటే ఆట రావాల్సిన పన్లేదు. నవ్వితే సాలు."

మిత్రులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యూనివర్సిటీలో ఎంతమందిమి ఇలా నవ్వులకి భయపడి వదులుకున్నామో లెక్కపెట్టుకున్నాను. స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి కౌంటర్ దగ్గర ఎవరూ లేని టైము చూసుకున్నవాళ్లం. "నాది ఓపెన్‌లోనే వచ్చింది" అని అడగకపోయినా చెప్పుకున్నవాళ్లం. నోటిఫికేషన్‌లో మన పోస్టు ఉన్నా కేటగిరీ కాలం దగ్గర పెన్ను ఆపినవాళ్లం. నవ్వినవాడు మన దగ్గర ఏమీ లాక్కోలేదు. మనమే తీసి ఇచ్చేశాం.

బాబాసాహెబ్ 1936లో కుల నిర్మూలన మీద రాసిన ప్రసంగంలో ఈ విషయం తేల్చేశారు. మనిషి శక్తి మూడింటి మీద ఆధారపడుతుందంటారు: ఒంటితో వచ్చినది, సమాజం నుంచీ ఇంటి నుంచీ వారసత్వంగా అందినది, సొంత శ్రమ. మూడోదాన్ని బట్టి తేడా చూపిస్తే అర్థముంది. కానీ మొదటి రెండింటిని బట్టి తేడా చూపిస్తే పుట్టుక, చదువు, ఇంటిపేరు, ఆస్తి కలిసొచ్చినవాళ్లే పరుగులో ముందుంటారనీ, దాన్ని సామర్థ్యం అనడం కుదరదనీ ఆయన వాదన. నేను దాన్ని టేబుల్ మీద లెక్కేశాను. ఆ అబ్బాయి పన్నెండేళ్లు, రోజుకి రెండు గంటలు ఆడాడనుకుందాం. ఎనిమిది వేల గంటలకి పైనే. అన్నవి రాత్రిపూట పది నిమిషాలు. అదే పన్నెండేళ్లకి లెక్కేస్తే ఏడు వందల చిల్లర గంటలు. ఆ పన్నెండేళ్ల తర్వాత ఇద్దర్నీ సమానంగా నిలబెట్టి ఆడించి, గెలిచినవాడికి మెరిట్ ఉందంటే, మనం కొలిచింది చేతినా, గంటలనా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చర్చల్లో ఈ పోలికని మీరు వాడతారని నాకు తెలుసు. వాడండి, కానీ దాని హద్దు తెలుసుకుని వాడండి. స్టార్ట్ అనేది పెద్ద ఆటగాడు ఒప్పుకుంటే వచ్చేది. రిజర్వేషన్ ఎవరి ఒప్పుకోలుతోనో వచ్చింది కాదు. అది రాజ్యాంగం గుర్తించిన వాటా. స్టార్ట్ చేతకానివాడికి ఇస్తారు. మనకి రిజర్వేషన్ వచ్చింది చేతకాక కాదు, టేబుల్ దగ్గరికి రానివ్వక. ఇంకోటి, స్టార్ట్ గెలుపు కోసం. మన వాటా టేబుల్ నడిపే కమిటీలో కుర్చీ కోసం కూడా. పోలిక ఎక్కడిదాకా నడుస్తుందో అక్కడ ఆపేయాలి.

ఆ తర్వాత ఏడాది పైగా ఆ అబ్బాయితో ఆడలేదు. నోట్‌బుక్ రెండోది నిండింది. పడే అవకాశం లేని బంతిని కొట్టి చావకుండా, తెల్ల బంతిని దాచేసి అవతలివాడికి దారి లేకుండా చేసే సేఫ్టీ ఆట నేర్చుకున్నాను. ఒక సాయంత్రం నేనే పోయి అడిగాను. అందరూ వినేట్టే. "ఏడు గేమ్‌ల రేసు. వెయ్యి. నాకు ఒక గేమ్ స్టార్ట్. ఇష్టమైతే ఆడదాం, లేకపోతే లేదు." ఈసారి స్టార్ట్ ఇవ్వనంటే లేచి వచ్చేయాలని ముందే అనుకున్నాను. అతను ఒక్క క్షణం చూసి "ఓకే" అన్నాడు.

6–6 దాకా వచ్చింది. చివరి గేమ్‌లో టేబుల్ అతనిది. ఐదో బంతి మీదికి వంగినప్పుడు అతని క్యూ పక్కనున్న బంతికి ఆనింది. వెంట్రుకంత కదిలింది. నేను చూడలేదు, అన్న చూడలేదు. అతనే లేచి నిలబడి "ఫౌల్" అని తెల్ల బంతి తీసి నా చేతికి ఇచ్చాడు. ఐదు నుంచి తొమ్మిది దాకా కొట్టి గెలిచాను. అతను కరచాలనం చేసి, డబ్బు నా చేతిలో పెట్టించాడు. నేను టీ చెప్పాను. క్షమాపణ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ మాట మాత్రం నా ముందు మళ్లీ అనలేదు.

ఆ ఫౌల్ నన్ను చాలా రోజులు వదల్లేదు. వెంట్రుకంత కదిలిన బంతికి అంత నిజాయితీగా నిలబడిన మనిషి, మనిషి మీద అంత తేలిగ్గా ఎలా నవ్వాడు? నాకు దొరికిన జవాబు ఇది: బంతికి క్యూ తగిలితే తప్పని అతనికి చిన్నప్పుడే కోచ్ నేర్పాడు. ఆ రెండో తప్పుని తప్పని ఇంట్లో, క్లబ్బులో, కాలేజీలో ఎవరూ నేర్పలేదు. పార్లర్‌లో మొదటిసారి నేర్పినవాడు ఒక మార్కర్. టేబుల్‌కి కులం లేదని కొందరు అంటుంటారు. టేబుల్‌కి లేదు. చుట్టూ ఉన్న కుర్చీలకి ఉంది.

ఈ ఆట లోకంలో పేరు దాచుకోవడం కూడా ఒక కళ. ఫిలిప్పీన్స్‌లో పేదరికంలో పెరిగి, మామ పూల్ హాల్లో టేబుళ్ల మీదే పడుకున్న ఎఫ్రెన్ రెయెస్ 1985లో అమెరికా పోయినప్పుడు సీజర్ మొరాలెస్ అనే దొంగ పేరుతో ఆడాడు. అసలు పేరు తెలిస్తే ఎవరూ పందెం కాయరని. అదే రెయెస్ 1996లో హాంకాంగ్‌లో ఎర్ల్ స్ట్రిక్‌లాండ్‌తో 120 గేమ్‌ల రేసు ఆడి, 120–117తో లక్ష డాలర్లు గెలిచాడు. అప్పుడు సొంత పేరుతోనే. మనం కూడా పేర్లు దాస్తాం. అద్దె ఇంటి కోసం, మెస్ టేబుల్ దగ్గర, మొదటి ఉద్యోగంలో. రెయెస్ దాచింది తన బలం. మనతో దాయిస్తున్నది మన పుట్టుక. రెండూ ఒకటి కాదు.

అమెరికాలో సిసెరో మర్ఫీ అనే నల్లజాతి ఆటగాడు ఉండేవాడు. ఎంత ఆడినా రంగు చూసి పెద్ద టోర్నమెంట్లకి పిలవలేదు. 1965లో పిలుపు దొరికి బర్బ్యాంక్‌లో ఆడి, టైటిల్ గెలిచాడు. మా అన్నకి ఆ ఒక్క పిలుపు కూడా రాలేదు. ఎంట్రీ ఫీజు, నల్ల ప్యాంటు, బూట్లు, వెయిస్ట్‌కోటు, బో టై. ఈ డ్రెస్ కోడ్ చూసి ఆయన నవ్వేవాడు: "గా బట్టలు ఇస్త్రీ చేసిన గానీ తొడగలే." 2020 లాక్‌డౌన్‌లో పార్లర్ మూతపడింది. మళ్లీ తెరవలేదు. అన్న ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్‌లో నైట్ వాచ్‌మన్. ఫోన్ చేస్తే ముందు అడిగేది, "తల లేపుతున్నవా ఇంక?" అనే.

ఇక తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న. ఇప్పుడు పందేలు ఆడను. టేబుల్ డబ్బుల దాకే. చట్టం కూడా తెలుసుకోండి. 1968లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, ఆన్‌లైన్ పందేలని కూడా అందులోకి తెచ్చి గట్టి చేశారు. క్లబ్బులో పేకాడితే కాలక్షేపం, వాడలో చెట్టు కింద ఆడితే కేసు అన్నది మీరూ చూసే ఉంటారు. పోలీసు జీపు ఎవరి ముందు ఆగుతుందో తెలిసినవాళ్లం, అందుకే మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫోన్‌లో కనిపించని మనిషితో డబ్బు పెట్టి ఆడటం అసలు ఆటే కాదు. అక్కడ మూడో మనిషి లేడు, స్టార్ట్ లేదు, తల అడ్డంగా ఊపే అన్న లేడు. స్కాలర్‌షిప్ డబ్బు మీద చెయ్యి వేయకండి. అది మీది కాదు, మీ అమ్మానాన్నలది, మీ తర్వాత చదవాల్సిన చెల్లెలిది.

మొన్న గురువారం ఆ ఫొటో తమ్ముడు పార్లర్‌కి వచ్చాడు. డిగ్రీ రెండో ఏడాది. ఐదు గేమ్‌ల రేసు ఆడదామన్నాడు.

"ఎన్ని స్టార్ట్ కావాలి?" అన్నాను.

"వద్దు సార్. సమానంగానే ఆడదాం."

"ఎందుకొద్దు?"

"బాగుండదు కదా సార్."

ఆ గొంతు నాకు తెలుసు. క్యూ పక్కన పెట్టి, మీకిప్పుడు చెప్పిందంతా అతనికి చెప్పాను. విని, కాసేపు చాక్ చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "అయితే రెండియ్యండి సార్" అన్నాడు.

"నా ఆటకి, నీ ఆటకి తేడా మూడు. మూడు అడుగు."

"మూడియ్యండి సార్."

5–4తో అతనే గెలిచాడు. మూడు స్టార్ట్ తీసేస్తే టేబుల్ మీద గెలిచినవి రెండు, ఆ రెండూ బాగా కొట్టి గెలిచాడు. టేబుల్ డబ్బులు నేను కట్టాను, కౌంటర్ మీద పడేయకుండా, అక్కడ పనిచేసే కుర్రాడి చేతికి ఇచ్చి. మెట్లు దిగుతూ తమ్ముడికి చెప్పాను: వచ్చే వారం రెండే ఇస్తాను.

జై భీమ్.